ముందు ఆయన్ని లైన్లోకి పిలువు

మా ఊళ్ళో టెలిఫోన్లు వచ్చిన కొత్తల్లో, మాట్లాడటానికి పెట్టించుకున్నవాళ్ళకంటే నలుగురికీ చూపించటానికి పెట్టించుకున్నవాళ్ళే ఎక్కువ. ఈ సంగతి నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా నా చేతి మీదుగానే పోవాలి మరి. పోస్టాఫీసు వెనకగదిలో ఉన్న ఎక్స్ఛేంజిలో నేను పగటి ఆపరేటర్ని.

ఊరంటే గుంటూరుకూ ఒంగోలుకూ మధ్య, పత్తీ మిరపకాయలూ తప్ప మరో మాట వినపడని వ్యాపారపు ఊరు. మాది దాని పక్కనే పల్లె. ఎస్సెల్సీ పాసై ఖాళీగా ఉన్నానని మా నాన్న ఎక్కడో విని వచ్చి దరఖాస్తు పెట్టించాడు. తీరా ఉద్యోగం వచ్చాక మా అమ్మకి అన్నం సయించలేదు.

"ఆడపిల్ల రోజంతా పరాయి మగాళ్ళతో మాట్లాడే ఉద్యోగం ఏంటయ్యా?"

"మాట్లాడుకునేది ఆళ్ళూ ఆళ్ళూనే. ఇది తీగ కలుపుద్ది, అంతే" అన్నాడు నాన్న.

అలా ఊళ్ళో మా పిన్ని ఇంట్లో చేరాను.

నా ముందు ఒక పెద్ద చెక్క బోర్డు ఉండేది. ఎవరైనా తమ ఫోనుకున్న పిడి గిర్రున తిప్పితే, బోర్డు మీద వాళ్ళ నంబరు దగ్గర చిన్న ఇత్తడి మూత టప్పున పడేది. నేను అక్కడ తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అనేదాన్ని. వాళ్ళు అడిగిన నంబరు దగ్గర రెండో తీగ గుచ్చి కలిపేదాన్ని. ఇంతే పని. ఈ మాత్రానికే పెద్ద పెద్దవాళ్ళందరూ నన్ను "అమ్మాయ్" అని ఎంతో మెత్తగా పిలిచేవాళ్ళు. బజార్లో ఎదురైతే మాత్రం పక్కకి తప్పుకోమన్నట్టు చూసేవాళ్ళు. పాపం, వాళ్ళకి తెలిసింది నా గొంతు ఒక్కటే.

ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే నాకొక విషయం అర్థమైంది. ఫోను పట్టుకుని అవతలివాడి కోసం ఎదురుచూడటం పెద్దమనిషికి నామోషీ. "ముందు ఆయన్ని లైన్లోకి పిలువు, వచ్చాక నాకు చెప్పు" అనేవాళ్ళు. మిరపకాయల దళారీ వ్యాపారి కోసం ఎదురుచూడాలి, వ్యాపారి మిల్లు యజమాని కోసం ఎదురుచూడాలి. ఊళ్ళో ఎవరు ఎవరికంటే ఎన్ని మెట్లు పైనున్నారో తాసిల్దారు గారికి కూడా నాకు తెలిసినంత తెలియదు.

అందరికీ పైన ఇద్దరుండేవాళ్ళు. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఒకాయన పత్తి జిన్నింగు మిల్లు యజమాని. ఇంకొకాయన పంచాయతీ సమితి ప్రెసిడెంటు. వరసకి బావలు. ఒకప్పుడు ఒకరి పెరట్లో కాసిన ములక్కాడ ఇంకొకరి పులుసులో ఉడికేది. సమితి ఎన్నికల్లో మిల్లాయన అవతలి పక్షం వైపు నిలబడ్డాడు. అప్పట్నించి మాటల్లేవు. ఒకరు రోడ్డున వస్తుంటే ఇంకొకరు పక్కనున్న గోడని శ్రద్ధగా పరీక్షించేవాళ్ళు.

వాళ్ళు మాట్లాడుకోకపోతే మాకేం అనుకోవచ్చు. కానీ మా పల్లె బళ్ళు ఊళ్ళోకి రావాలంటే ఒక వాగు దాటాలి. దాని మీదున్న పాత తూము వానలకి కొట్టుకుపోయింది. కొత్త కల్వర్టు కట్టించటం ప్రెసిడెంటు గారి చేతిలో ఉంది. అది కట్టవలసిన చోటేమో మిల్లాయన చేను మూల. "ఆయన అడిగితే ఇస్తాను" అని మిల్లాయన. "ఆయన ఇస్తానంటే కట్టిస్తాను" అని ప్రెసిడెంటు. పెద్దమనుషులు రాయబారం వెళితే ఇద్దరూ ఒకే సమాధానం చెప్పి పంపారు: "ఆయనకి ఫోనుందిగా, చెయ్యమనండి."

ఫోన్లు లేని రోజులైతే ఏ మధ్యవర్తో అక్కడో అబద్ధం ఇక్కడో అబద్ధం చెప్పి అతికించేవాడు. ఇద్దరింట్లోనూ ఫోన్లు వెలిశాక మధ్యవర్తికి పని పోయింది. మాటలు కలిపే యంత్రం వచ్చి మాటలకి అడ్డం కూర్చుంది.

ఆ ఏడు మిరపకాయలు మార్కెట్ యార్డుకి తోలే రోజుల్లో అకాలవాన కొట్టింది. మర్నాడు మా నాన్న పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళదాకా నల్లరేగడి బురద.

"ఏంటి నాన్నా ఇది?"

"బండి వాగులో తిరగబడిందమ్మా. కాయలు కుక్కిన గోనె టిక్కీలు రెండు పగిలినయ్. వాగుకి కాస్త కారం ఎక్కువైంది."

కింది రేవులో నీళ్ళకి దిగిన గేదెలు బుసలు కొడుతూ గట్టెక్కాయట. తేలుతూ పోతున్న కాయల్ని ఆడవాళ్ళు కొంగుల్లోకి ఎత్తుకున్నారట. చెబుతూ చెబుతూ నవ్వాడు గానీ, నవ్వు ముఖంలో ఎంతోసేపు నిలవలేదు.

"రోజూ అందరికీ తీగలు కలుపుతావు గదా. ఆ ఇద్దరికీ ఒక్కసారి కలపలేవూ?"

"వాళ్ళు అడక్కుండా కలపకూడదు నాన్నా. రూలు."

"సర్లే" అన్నాడాయన. "వాగుకి రూల్సు తెలియక పొంగింది."

ఆ మాట నాకు చురుక్కుమంది. ఆ రోజంతా బోర్డు మీద ఆ ఇద్దరి మూతల వంకే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఉదయం మా సూపర్‌వైజరు గారు కాఫీ హోటలుకి వెళ్ళారు. ఆయన తెనాలి వైపు మనిషి. నస్యమంటే ఎంత ఇష్టమో పై అధికారులంటే అంత భయం. ఆయన గడప దాటగానే ప్రెసిడెంటు గారింటికి రింగిచ్చాను.

"మిల్లు యజమాని గారు లైన్లో ఉన్నారండి."

"ఎవురూ? తనే ఉన్నాడా?"

"తనేనండి."

"నాకోసం ఎదురుచూస్తన్నాడా?"

"చూస్తున్నారండి."

"అయితే కాసేపు చూడనియ్" అన్నాడాయన తృప్తిగా.

ఆ తీగ అలాగే ఉంచి మిల్లాయనకి రింగిచ్చాను. "ప్రెసిడెంటు గారు లైన్లో ఉన్నారండి."

"ఎంతసేపట్నించి?"

"చాలాసేపట్నించండి."

"ఉండనియ్. తొందరేముంది?"

అలా ఇద్దరు మహానుభావులూ చెవులకి ఫోన్లు ఆనించుకుని, అవతలివాడు నిలబడి ఉన్నాడన్న ఆనందంలో తామూ నిలబడి ఉన్నారు. నేను కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచుకుని తాగి, అప్పుడు కలిపాను.

ఇద్దరిలో ఎవరూ హలో అనలేదు. రెండు వైపుల నుంచీ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఇంతలో మిల్లాయన పెద్దగా తుమ్మాడు. మిరపకాయల కాలంలో మా ఊళ్ళో గాలికే కోరు, అంటే కారపు ఘాటు, ఉంటుంది; అందరూ తుమ్ముతూనే ఉంటారు.

"చిరంజీవ" అనేశాడు ప్రెసిడెంటు అలవాటుకొద్దీ.

"ఈ కోరు చంపేస్తంది బావా" అన్నాడాయన, అదీ అలవాటుకొద్దీనే.

"రాత్రిళ్ళు ముక్కులో రెండు చుక్కలు నువ్వులనూనె ఏస్కో. సరే, ఫోను చేశావుగా, చెప్పు."

"నేనెక్కడ చేశానూ? నువ్వే గదా..."

టక్కున తీగ లాగేశాను. ఒక్క క్షణం ఆగి ఇద్దరికీ విడివిడిగా చెప్పాను: "లైను తెగిందండి. మళ్ళీ కలపమని వారు తొందర పెడుతున్నారండి."

"తొందర పెడతన్నాడా? అయితే కలుపు" అన్నారు ఇద్దరూ.

రెండోసారి బాగానే మొదలైంది. పిల్లలెలా ఉన్నారు, మీ పెద్ద గేదె ఈనిందా అంటూ నడిచి, ఉన్నట్టుండి "ఆ ఎలక్షన్లప్పుడు నువ్వు ఆళ్ళ జీపెక్కి..." దగ్గరికి వచ్చింది. మళ్ళీ లాగేశాను.

మూడోసారి కలిపేసరికి ఇద్దరూ ఏకమై తిట్టుకుంటున్నారు. ఒకర్నొకరు కాదు, టెలిఫోన్లవాళ్ళని.

"దిక్కుమాలిన లైను బావా! మళ్ళీ తెగేలోపు అసలు సంగతి మాట్లాడుకుందాం. ఆ వాగు దగ్గర నీ చేను మూల..."

"తీస్కోవయ్యా. ఆ మూల జమ్ము తప్ప ఏం మొలిచింది గనక!"

"రేపే ఇంజనీర్ని పంపుతా."

"మజ్జిగ తాగి పొమ్మను మా ఇంట్లో."

ఆ తర్వాత ఎంతసేపు మాట్లాడుకున్నా నేను తీగ ముట్టుకోలేదు.

మరుసటి పంట చేతికొచ్చేలోపే కల్వర్టు లేచింది. ప్రారంభానికి వాగొడ్డున పందిరి వేసి, మైకు పెట్టారు. ముందు ప్రెసిడెంటు గారు లేచి, "మా బావది పెద్దమనసు. తనంతట తనే నాకు ఫోను చేసి స్థలం ఇచ్చాడు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మిల్లాయన లేచి, "పదవిలో ఉండి కూడా మా బావ తనే ముందు ఫోను చేశాడు" అన్నారు. జనం ఇంకా గట్టిగా కొట్టారు. ఆడవాళ్ళలో కూర్చున్న నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వేదిక మీద ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు అదోలా చూసుకున్నారు.

మర్నాడు ఇద్దరూ కలిసి ఎక్స్ఛేంజికి వచ్చారు. ఆ గొంతు నాదని తెలిసి నన్ను చూడటం వాళ్ళకి అదే మొదటిసారి. ఇంత గొంతు ఇంత చిన్న మనిషిదా అన్నట్టు చూశారు. సూపర్‌వైజరు గారు నస్యం డబ్బీ జేబులో దాచి, తనూ తలుపు వెనక దాక్కున్నారు.

"అమ్మాయ్, ఆ రోజు ముందు ఫోను చేసిందెవురు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఇద్దరూ ఒకేసారి పిడి తిప్పారండి. రెండు మూతలూ టప్పున ఒకేసారి పడ్డాయి."

"ఎంత ఒకేసారైనా వెంట్రుకవాసి తేడా ఉంటుందిగా?" అన్నాడు మిల్లాయన.

"ఉంటే ఉండొచ్చండి. ఒక కన్ను వారి మూత మీదా, ఒక కన్ను మీ మూత మీదా ఉండటంతో కనిపెట్టలేకపోయాను."

నా కళ్ళవంక ఇద్దరూ పరీక్షగా చూశారు. మెల్లకన్నేమోనని వాళ్ళ అనుమానం అయ్యుండాలి. తర్వాత మిల్లాయనే ముందు నవ్వాడు.

"ఒకేసారంట బావా."

"ఒకేసారి అంటే తప్పేముంది? మర్యాదగానే ఉంది" అన్నారు ప్రెసిడెంటు గారు. గుమ్మం దగ్గర మాత్రం ముందు నువ్వంటే ముందు నువ్వని కాసేపు ఆగి, చివరికి ఇద్దరూ పక్కపక్కన ఇరుక్కుని బయటపడ్డారు.

సూపర్‌వైజరు గారు తలుపు వెనకనుంచి వచ్చారు. నా ఉద్యోగానికి ఎసరొచ్చిందనే అనుకున్నాను.

"నిజంగా ఒకేసారి పడ్డాయా అమ్మా?"

నేను బోర్డు వైపు తిరిగి తీగలు సర్దసాగాను. ఆయన డబ్బీ తీసి, ఒక పట్టు పట్టి, కళ్ళు తుడుచుకున్నారు.

"రేపు సెలవు అడిగావు కదా. ఎల్లుండి తీసుకో తల్లీ. గుంటూర్లో ఉన్న పెద్దాఫీసరు ఒకాయనకీ, ఇక్కడికి క్యాంపు వచ్చిన పెద్దాఫీసరు ఒకాయనకీ రేపు పొద్దున్నే లైను కలపాలి. ఇద్దరిలో ఎవరూ ముందు లైన్లోకి రారట."