నీళ్ల బిందెతో ఎదురొచ్చిన మనిషి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ముందు వాళ్లతో కొట్లాడేది నేనే. శకునాలన్నా అంతే. మా నాయన జనగామలో ఎరువుల దుకాణం నడుపుతాడు. పొద్దున దుకాణానికి బయలుదేరేటప్పుడు ఇంట్లో ఎవరైనా తుమ్మితే మళ్లీ లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి గానీ కదలడు. నేను కావాలని తుమ్మేదాన్ని. ఒకరోజు వరసగా తుమ్మి తుమ్మి ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. "నీ నోట్ల మన్నువడ, నన్ను దుకాణం తెరవనిస్తవా లేదా" అని చెప్పు తీశాడు.

అలాంటిదాన్ని నేను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది చదివి పిల్లకు గాలి సోకిందని అనుకోవద్దు. జరిగింది పట్టపగలు, మంచి ఎండలో.

మాది డిగ్రీ, మాస్ కమ్యూనికేషన్. చివరి సంవత్సరంలో గ్రూపుగా ఒక సినిమాకు ఓపెనింగ్ తీయాలి. పూర్తి సినిమా అక్కర్లేదు. పేరు పడేదాకా రెండు నిమిషాలు చాలు, చూసినవాళ్లకు తర్వాత ఏమైందో తెలుసుకోవాలనిపించాలి అన్నారు మా సార్. మా గ్రూపులో ముగ్గురం. కెమెరా నేను. కెమెరా అంటే నా ఫోనే, అడిగి తెచ్చుకున్న ట్రైపాడ్ మీద. సాయికి సౌండు, జనాన్ని ఆపడం, మా బిస్కెట్లు తినేయడం. కథ రాసింది, నటించింది నరేష్.

నాకు మొదటి షాట్‌లోనే శవం కావాలి. సాయికి బండ్ల ఛేజింగ్ కావాలి. నరేష్ రాసుకొచ్చింది మాత్రం ఇంతే: ఒక కుర్రాడు ఇంటర్వ్యూకి పోవడానికి ఇంట్లోంచి బయటికొస్తాడు. చెప్పులు వేసుకుంటాడు. ఒక ముత్తయిదువ నీళ్ల బిందెతో ఎదురొస్తుంది. అతను వెళ్లిపోతాడు. పేరు పడుతుంది.

"గిదేం సిన్మారా? చెప్పులేసుకునుడు, నీళ్లు తెచ్చుడు. మా గల్లీల రోజు సూస్త" అన్నాను.

"రోజు సూస్తవ్. ఎన్నడన్న తీసినవా?" అన్నాడు. ఇక ఒప్పుకున్నాను.

నరేష్ గురించి కొంచెం చెప్పాలి. వాడి చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి కూలికి పోయి అక్కనూ వాణ్నీ చదివించింది. పోయిన వానాకాలం ఆమె కూడా పోయింది. అక్క పెళ్లయి భూపాలపల్లిలో ఉంటోంది. వీడు జనగామలో హాస్టల్లో ఉన్నాడు. మా క్లాసులో ఎడిటింగ్ వాడిలా చేసేవాళ్లు లేరు. హైదరాబాదులో ఎడిటింగ్ నేర్పే ఒక చోట సెలెక్షన్‌కి పిలుపు వస్తే, బస్టాండ్ దాకా పోయి వెనక్కి తిరిగొచ్చాడు. ఎందుకురా అంటే "కాలు రాలే" అన్నాడు. మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి కూడా పోకపోతే వాళ్లింక పిలవరు. సినిమా కన్నా నాకూ సాయికీ ఆ బెంగే ఎక్కువగా ఉండేది.

షూటింగ్ వాళ్ల ఊళ్లోనే పెట్టుకున్నాం. జఫర్‌గఢ్‌లో బస్సు దిగి ఆటోలో పోవాలి. తల్లి పోయినప్పటినుంచి ఇల్లు తాళం వేసే ఉంది. తాళంచెవి పక్కింటి రాజవ్వ దగ్గర ఉంటుంది. ఎవరూ లేని ఇల్లయినా ఆమె రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లుతుంది. "దీపం లేని ఇల్లయితె అయింది గని, ఊడ్వని ఇల్లు కావద్దు బిడ్డా" అంది.

బిందెతో ఎదురు రావడానికి నరేష్ వాళ్ల చిన్నమ్మకు ముందే చెప్పి ఉంచాడు. తీరా చూస్తే ఆమె మిరపతోటకు పోయింది. కూలీలు దొరకని రోజులు, కాయ పండి రాలిపోతోంది, మా సినిమా ఎవరికి కావాలి! నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎదురుగా రాజవ్వ ఉంది కదా, నువ్వే రా అవ్వా అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో, నేనా? మొగడు వోయినదాన్ని బిడ్డా. సదువుకునే పోరడు మంచి పనికి పోతుంటె నేను ఎదురొస్తనా? వద్దు."

"గిది ఉత్తుత్తదే అవ్వా. నిజం ఇంటర్వ్యూ కాదు."

"ఇంటర్వ్యూ ఉత్తుత్తదే. పోరడు నిజమే గద" అంది.

ఇంకెవరైనా అయితే కొట్లాడేదాన్ని. మేం పోయేదాకా బయటికి రానని చెప్పి, ఆమె ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

నరేష్ గడప మీద కూర్చుండిపోయాడు. మేం అడక్కుండానే చెప్పాడు.

"మా అమ్మ సుత గంతే. టెన్త్ పరీక్షకు పోయిన్నాడు, జనగామకు పోయిన్నాడు, నేను బయటికొస్తున్ననంటె తలుపు సాటుకు పోయేది. చిన్నమ్మను బతిలాడి బిందె ఇచ్చి ఎదురు పంపేది. నేను గేటు దాటినంక బయటికొచ్చి సూసేది. నేను పోయేటప్పుడు ఒక్కనాడు ఆమె మొఖం సూడలే. ఆమె సుత నా ఈపే సూసింది."

నువ్వు రమ్మని అడగలేదా అని సాయి అన్నాడు. నేను వాడి కాలు తొక్కాను. నరేష్ మాత్రం జవాబు చెప్పాడు. "అడగాలని తెల్వలేరా. అందరిండ్లల్ల గట్లనే గద."

మా ఇంట్లోనూ అంతే. తాత పోయాక మా నాయనమ్మ నా పరీక్షల రోజుల్లో పెరట్లో ఎందుకు కూర్చునేదో నాకు ఆ గడప దగ్గరే అర్థమైంది. తుమ్ములతో మా నాయన్ని ఆడించినదాన్ని, ఆ ముసలిదాన్ని మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు.

ఎవరూ ఎదురు రాకుండానే తీద్దామన్నాడు నరేష్. బయటికొస్తాడు, చెప్పులేసుకుంటాడు, గల్లీ వైపు చూస్తాడు, ఎవరూ రారు, పోతాడు. సరే అన్నాం. సాయి గల్లీ మొగదల నిలబడి వచ్చేపోయే వాళ్లను ఆపుతున్నాడు. నేను వాకిట్లో ఒక పక్కన ట్రైపాడ్ పెట్టుకున్నాను. ఫ్రేములో గేటు, వాకిలి, గడప అన్నీ వస్తున్నాయి.

మొదటి టేకు మేకల మంద అడ్డొచ్చి పోయింది. ఇంకోటి మిర్చి బస్తాల ట్రాక్టర్ మోతతో పోయింది. ఆ తర్వాతిది ఇది.

నరేష్ బయటికొచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు. ఫ్రేములో వాడి తల తెగుతుందేమోనని నేను ఫోను తెర మీదే కళ్లు పెట్టి ఉన్నాను. గేటు వైపు నుంచి ఒకావిడ ఫ్రేములోకి వచ్చింది. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర. ఎడమ నడుము మీద స్టీలు బిందె. బిందె మూతి మీద కొంగు కప్పి పట్టుకుంది. చిన్నమ్మను నేను అంతకుముందు చూడలేదు, హమ్మయ్య, ఆమే వచ్చింది అనుకున్నాను. వెంటనే కోపమూ వచ్చింది. చేతులకు గాజుల్లేవు, నుదుట బొట్టు లేదు. ముత్తయిదువ వేషానికి ఇట్లా వస్తే ఎట్లా, ఇంకోసారి తీయాలి అనుకున్నాను.

కానీ ఆపలేదు. నరేష్ ముఖం అంత బాగా వస్తోంది. ఆవిడ వాణ్ని నిండా చూసి నవ్వింది. వాడు దారి మధ్యలోంచి పక్కకు జరిగి తల కొంచెం వంచాడు. ఆవిడ వాణ్ని దాటి లోపలికి పోయింది. వాడు గేటు దాటి వెళ్లిపోయాడు.

"సూపర్ వచ్చింది!" అని అరిచాను. "చిన్నమ్మకు బొట్టు వెట్టియ్యిరా, ఇంకోటి తీద్దాం."

"ఏ చిన్నమ్మ?" అన్నాడు సాయి పరుగెత్తుకొస్తూ. "ఈ గల్లీలకు పిల్లి సుత రాలే."

వెనక్కి తిరిగొచ్చిన నరేష్ నా ముఖం చూస్తున్నాడు. వాడికీ ఎవరూ కనిపించలేదట. మరి పక్కకెందుకు జరిగావు అంటే, "తెల్వదు, జరగాలె అనిపిచ్చింది" అన్నాడు.

ముగ్గురం తలలు ఆనించి వీడియో చూశాం. అందులో ఆవిడ లేదు. నరేష్ బయటికొస్తాడు, చెప్పులేసుకుంటాడు, గల్లీ వైపు చూస్తాడు. వాడి ముఖం విచ్చుకుంటుంది. పక్కకు జరుగుతాడు, ఒక మనిషి దాటిపోయేంతసేపు ఆగుతాడు, వెళ్తాడు. అంతే. ఇంట్లోకి పోయి చూశాం. ఎవరూ లేరు, బిందె లేదు. కానీ గేటు నుంచి గడప దాకా నీళ్లు తొణికిన చుక్కలున్నాయి. పొద్దున చల్లిన సాన్పి తడి అనుకుందామంటే, అంతకుముందు తీసిన వాటిలో అదే నేల పొడిగా ఉంది. చూస్తుండగానే ఎండకు చుక్కలు ఆరిపోయాయి. ఫోటో తీయాలన్న బుద్ధి మాలో ఒక్కరికీ పుట్టలేదు.

"బిందె ఏ దిక్కు వెట్టుకున్నది?" అని అడిగాడు నరేష్. ఎడమ వైపని, మూతి మీద కొంగు కప్పుకుందని చెప్పాను. వాడు ఉన్నచోటే కూలబడ్డాడు. వాళ్లమ్మ బోరింగు నుంచి నీళ్లు అట్లాగే తెచ్చేదట.

"నా దిక్కు సూసిందా?"

"సూసింది."

"నవ్విందా?"

"నవ్విందిరా."

అప్పుడు ఏడ్చాడు. ఆమె పోయిన రోజు కూడా వాడు అట్లా ఏడవలేదని సాయి తర్వాత చెప్పాడు. సాయి వాణ్ని గట్టిగా పట్టుకుని తనూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి!

తర్వాత వాళ్లక్క దగ్గరున్న అమ్మ ఫోటో తెప్పించి చూపించాడు. ఆ ముఖమే అని ఒట్టేసి చెప్పలేను. నేను చూసింది చిన్న తెర మీద, కొన్ని క్షణాలే. నవ్వు మాత్రం అదే అనిపించింది.

ఆ షాట్‌నే క్లాసులో చూపించాం. "వీడు ఎవరికి దారి ఇచ్చాడు?" అని సార్ అడిగారు. "మా అమ్మకు సార్" అన్నాడు నరేష్. తల్లిని చూపించకుండా చూపించడం గొప్ప ఐడియా అని సార్ మెచ్చుకున్నారు. మేం ముగ్గురం నేల చూపులు చూశాం.

హైదరాబాదు పోవాల్సిన రోజు వచ్చింది. ఆ ఇంట్లోంచే బయలుదేరతానని నరేష్ ముందురోజే ఊరికి పోయాడు. వాడు మళ్లీ బస్టాండ్ నుంచి తిరిగొస్తాడేమోనని నేనూ సాయీ పొద్దున్నే ఆ ఇంటికి చేరుకున్నాం. వాడు నిండు బిందె తీసుకుని రాజవ్వ తలుపు కొడుతున్నాడు.

"అవ్వా, నువ్వే ఎదురు రావాలె."

"నీకేమన్న పిచ్చా కొడుకా? నా మొఖం సూసి పోతవా?"

"సూసే పోత. నువ్వు రాకుంటె నేను పోను."

రాజవ్వ తిట్టింది, దండం పెట్టింది, గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. చివరికి బిందె అందుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని వాకిట్లోకి నడిచింది. అడుగడుక్కీ నీళ్లు తొణికాయి. వాడు ఆమె ముఖం చూసి నవ్వాడు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

నాకు ఈసారి రాజవ్వ ఒక్కతే కనిపించింది. కళ్లార్పకుండా చూశాను, ఇంకెవరూ లేరు. కానీ రాజవ్వ దాటిపోయాక కూడా నరేష్ కదలలేదు. వెనకాల ఇంకో మనిషి వస్తున్నట్టు, ఆ మనిషి కూడా దాటిపోయేంతసేపు, తల వంచి పక్కకే నిలబడ్డాడు. తర్వాత వెళ్లి బస్సెక్కాడు.

ఆ రోజు ఎందుకు ఆగావని నేను ఇంతవరకు వాణ్ని అడగలేదు. అడిగినా వాడు తెల్వదనే అంటాడు. నాకూ తెలియదు. ఇంట్లో మాత్రం తుమ్మడం మానేశాను. నేను ఎక్కడికి బయలుదేరినా మా నాయనమ్మనే ఎదురు రమ్మంటున్నాను.