పలకొద్దన్న లోయ

అడవి పార్కులో ఇరవై రెండేళ్లుగా గైడు పని చేస్తున్న ఆ పెద్దాయనకు మోకాళ్లు అరిగిపోయాయి గానీ నోరు మాత్రం అరగలేదు. గేటు పక్కన రేకుల గదిలో పొద్దున్నే మోకాళ్లకు గుడ్డపట్టీలు చుట్టుకుంటూ, "ఈ ఒక్క ఏడాదీ చేసి మానేస్తా" అనేవాడు. "ఈ మాట నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ వింటున్నా" అనేది భార్య.

జనం అంతదూరం వచ్చేది జంతువుల కోసం కాదు, ఆయన చెప్పే కథ కోసం. లోయలోకి మంచు దిగినప్పుడు, ఎప్పుడో అక్కడ తప్పిపోయిన కట్టెలు కొట్టేవాడు తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తాడట. పలికినవాళ్లు తిరిగి రాలేదట. "కన్నతల్లి గొంతు వినిపించినా సరే, పలకొద్దు" అని మెల్లగా చెప్పేవాడు. ఎంత తుంటరివాళ్లైనా ఆ దెబ్బతో బుద్ధిగా ఆయన వెనకే నడిచేవారు. ఆయనకు కావలసిందీ అదే. కథ తాతల నాటిదే గానీ, ఆ చివరి మాట మాత్రం ఆయన అతికించిందే.

ఒక రోజు లోయలో మంచు దిగింది. తిరిగొచ్చి గేటు దగ్గర తలలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. ఒంటరిగా వచ్చిన రిటైర్డ్ లెక్కల టీచరమ్మ లేదు. డెబ్బై ఏళ్ల మనిషి, ఒంటి మీద పల్చటి శాలువా తప్ప ఏమీ లేదు. చీకటి పడేలోగా దొరక్కపోతే ఆ చలికి బతకదు. ఆయన రేంజరుకు చెప్పి, మళ్లీ లోయలోకి దిగాడు.

మధ్యాహ్నమంతా గొంతు చించుకుని "టీచరమ్మా" అని పిలిచాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. నాలుగోసారి అదే దారిన తిరుగుతుంటే ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే పిలిచాడు. చివరికి కాళ్లు మొరాయించి, ఒక బండ మీద కూలబడ్డాడు.

"ఛీ, వెధవ బతుకు" అని గొణుక్కున్నాడు. "ఈ మోకాళ్లు కోసి పారేస్తే పీడా పోతుంది. రాత్రంతా ఒకటే పోటు. చెబితే మా ఆవిడ నవ్వుతుంది."

"వేడినీళ్ల కాపడం పెట్టి చూశావా నాయనా?" అంది ఒక సన్నటి గొంతు, పదడుగుల దూరంలోని పొదల్లోంచి.

ఆయన పడుతూ లేస్తూ వెళ్లాడు. టీచరమ్మ చెట్టు మొదట్లో ముడుచుకుని కూర్చుంది.

"ఇక్కడే ఉన్నారా అమ్మా? ఇంతసేపూ నా పిలుపు వినపడలేదా?"

"అన్నీ వినపడ్డాయి. పలకొద్దన్నది నువ్వే కదా. దయ్యానికి మోకాళ్ల నొప్పులుండవులే అని ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది."

ఆయనకు నవ్వాగలేదు. ఆమె చెయ్యి పట్టుకునేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. చెయ్యి చల్లగా కొయ్యబారిపోయి ఉంది. తన కోటు విప్పి కప్పి, భుజం ఆసరా ఇచ్చి గట్టెక్కించసాగాడు.

"ఒకసారి ఏడుస్తూ పిలిచావు చూడు, అప్పుడే తెలిసింది నువ్వేనని" అంది ఆమె దారిలో.

"మరి అప్పుడైనా పలకొచ్చు కదమ్మా?"

"తెలిసినా నోరు పెగల్లేదు నాయనా. కథ అంత బాగా చెప్పావు."

ఇన్నేళ్లలో ఎవరూ ఆయన్ను అంతగా మెచ్చుకోలేదు. గేటు దగ్గర ఆమెను రేంజరుకు అప్పగించి తన గది మెట్టు మీద కూర్చుండిపోయాడు. లోపలికి రమ్మని భార్య రెండుసార్లు పిలిచినా, పలికే ఓపిక లేకపోయింది.