నా పక్కన పరిగెత్తిన అప్పన్న

కన్నతల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. బరంపురం బడా బజార్‌లో నా నోటి సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నలుగురిని జడిపించడానికి వాటిని పుట్టించేవాణ్ణి, ఎలా నమ్ముతాను?

తొంభైల్లో మా గంజాం తీరాన ఒక సైనిక శిక్షణ కేంద్రంలో చేరాను. మొదటి ఏడాది వాళ్ళను జతలుగా కట్టేవారు. ఒకడు తప్పు చేస్తే ఇద్దరూ మిట్టమధ్యాహ్నం ఇసుకలో పొర్లాలి. నా జత అప్పన్న, ఆ తీరానే ఉన్న రామయ్యపట్నం జాలరి కుర్రాడు.

కొన్నాళ్ళకు అతని కుడికాలు మోకాలి కింద వాచింది. డాక్టరుకు చూపిద్దామన్నాను.

"సెప్పకురా, ఇంటికి తోలేస్తారు. మావోడింక పడవెక్కడు, సిపాయైపోనాడని నాన్న ఊరంతా సెప్పీసినాడు. ఏ మొకం పెట్టుకుని ఎల్తాను?"

కుంటుతుంటే మాకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ హిందీలో వెక్కిరించేవాడు, చేపకు నీళ్ళు లేనిదే నడక రాదా అని. "ఈడికి వలేసి ఈడ్సాల్రా," అని అప్పన్న నా చెవిలో గొణిగేవాడు.

చివరి పరుగు వచ్చింది. వీపున బరువు, చేతుల్లో రైఫిలు. పూర్తి చేయనివాడు ఇంటికే. సరుగుడు తోట దాటాక నాకు ఊపిరందక ఇసుకలో కూలబడ్డాను. ఇక లేవకూడదనుకున్నాను. అప్పన్న వచ్చి భుజం పట్టి లాగాడు.

"లెగు. కూకున్నావంటే అయిపోనావే."

గీత దాటేదాకా పక్కనే పరిగెత్తాడు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా.

దాటి చూస్తే పక్కన ఎవరూ లేరు. అప్పన్న పరుగు మొదలైన గేటు దగ్గరే పడిపోయాడనీ, ఎముక చిట్లిందనీ, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళారనీ ఉస్తాద్ చెప్పాడు. నా వెనక వచ్చినవాళ్ళు కూడా నేను ఒంటరిగానే పరిగెత్తానన్నారు. నా భుజం మీద మాత్రం నాలుగు వేళ్ళు కమిలి ఉన్నాయి.

ఆదివారం ఆసుపత్రికి వెళ్ళి అప్పన్నకు అంతా చెప్పాను. పడీపడీ నవ్వాడు. "మరైతే నన్నూ పాస్ సేసీమని సెప్పు!"

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. ఆ నవ్వూ ఆ మాటా నేను కల్పించినవే. నేను వెళ్ళేసరికి మంచం ఖాళీ. కట్టుతోనే ఇంటికి పంపేశారన్నారు. పక్కన పరిగెత్తింది మాత్రం కల్పన కాదు. అదెవరో, ఏమిటో ఈరోజుకీ చెప్పలేను.

సెలవులకు రామయ్యపట్నం వెళ్ళాను. వాళ్ళ నాన్న ఒడ్డున వల బాగుచేస్తూ తలెత్తి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మావోడికి సెలవియ్యనేదేటి బాబూ?"

"ఇయ్యలేదు బాబాయ్," అన్నాను. అదీ నా కల్పనే.