అక్కడ ఇంకా శనివారమే

ఇక్కడ ఆదివారం బడి ఉంటుంది. ఆ ఆదివారం పొద్దున, నేను వంటపని చేసే అరబ్బుల ఇంట్లో పిల్లల స్కూలు డబ్బాలు సర్దుతుంటే తమ్ముడి రూమ్మేటు ఫోన్ చేశాడు. "అక్కగారండీ, మీరొకసారి అబ్బాసియా రూముకు రావాలండి" అన్నాడు. ఆ కోనసీమ అబ్బాయి మాట కంటే ముందు నవ్వు వినిపిస్తుంది. ఆ రోజు వినిపించలేదు. తమ్ముడు దజీజ్ గోడౌనుకు డ్యూటీకి బయల్దేరుతూ, బూటు లేసు కట్టుకోవడానికి వంగి, మళ్ళీ లేవలేదట. గుండె అన్నారు డాక్టర్లు.

నేను వెళ్ళేసరికి టీవీ పక్కన వాడి అన్నం కంచం మూత పెట్టినట్టే ఉంది. దాని సంగతి చెప్పాలంటే ఆట సంగతి చెప్పాలి.

తమ్ముడు చాలా ఏళ్ళు ఒక అమెరికా సారు దగ్గర డ్రైవరు. ఆయన ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. శనివారం సాయంత్రాలు ఆయన చదువుకున్న కాలేజీ ఫుట్‌బాల్ టీవీలో వచ్చేది. మనం చూసే ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. సారు ఒంటరి మనిషి. డ్రైవరును పక్కనే సోఫాలో కూర్చోబెట్టుకుని చూపించాడు. పదో తరగతితో ఆగినవాడు మా తమ్ముడు. అప్పటినుంచి ఆ కాలేజీని "మా కాలేజీ" అనేవాడు.

సారు వయసుడిగి సొంతూరు వెళ్ళిపోయాడు. శనివారం ఆట మాత్రం ఆగలేదు. అక్కడ ఆయన, ఇక్కడ వీడు చూసేవాళ్ళు, అయ్యాక ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. శనివారం నాకు స్వామి ఒక్కపొద్దు. సాయంత్రం సెలవు దొరికితే వాడి రూముకు వెళ్ళి, దీపం పెట్టి, ఆట మధ్య విరామంలో ఇద్దరం తినేవాళ్ళం. కాలేజీ గెలవాలని వాడూ ఒక్కపొద్దు మొదలుపెట్టాడు.

"ఆ కోడిగుడ్డు కోసం అంతమంది మీద పడాలాండీ? మా కోనసీమలో కొబ్బరికాయక్కూడా పడరండీ" అనేవాడు రూమ్మేటు.

"నోర్మూసుకో సామీ, బంతి మనోళ్ళ చేతిలో ఉండాది" అనేవాడు వీడు.

తర్వాత అంతా మారింది. వాడు చెప్తే నాకు అర్థమైంది ఇంతే. ఆ కాలేజీలు గుంపులుగా కూడి, గుంపులోవాళ్ళతోనే ఆడతాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. టీవీవాళ్ళు గుంపు మొత్తానికీ డబ్బిచ్చి ఆటలు కొనుక్కుంటారు. ఎక్కువ డబ్బు వచ్చే గుంపులోకి సారు కాలేజీ దూకేసింది. పక్క ఊరి కాలేజీ పాత గుంపులోనే మిగిలిపోయింది. సారు వాళ్ళ నాన్న కాలం నుంచీ ఏటా ఆ రెండింటికీ ఆట ఉండేదట. అది పోయింది.

"పక్కూరోళ్ళతో ఆట లేదంటక్కా. ఇమానమెక్కి యాడికో పోయి, ముక్కూ మొగం తెలీనోళ్ళతో ఆడతాండారు."

"మనం మాత్రం విమానమెక్కి రాలేదా?" అన్నాను.

వాడు టీవీ సౌండు పెంచాడు.

సారు అప్పటికి ముసలివాళ్ళ హోమ్‌లో చేరాడు. ఆయన కిటికీలోంచి కాలేజీ మైదానం దీపాలు కనబడతాయట. కానీ ఆటలు కొన్న కొత్త చానల్ ఆ హోమ్‌లో రాదు. మా అబ్బాసియా టీవీ డబ్బాలో వచ్చేది. అందుకని వీడు చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనకు చెప్పేవాడు. ఓడిపోయారని చెప్పాల్సి వస్తే ముందు అక్కడి వాన గురించి అడిగేవాడు. "చెడ్డ మాట చెప్పేముందు మనిషిని కూర్చోబెట్టాల అక్కా" అనేవాడు.

సారుకు మతిమరుపు ముదిరింది. అన్నీ పోయి ఒకటే ప్రశ్న మిగిలింది. పక్కూరి మీద గెలిచామా?

"నెక్స్ట్ వీక్, సార్" అనేవాడు తమ్ముడు. ప్రతి వారమూ అదే మాట.

"అబద్ధం కదరా" అన్నాను.

"నువ్వు మొక్కుకో, నిజమైతాది."

మొక్కుకున్నాను. కాలేదు.

టీవీవాళ్ళు ఆట వేళ కూడా మార్చేశారు. ఇక్కడ శనివారం అర్ధరాత్రి దాటాక మొదలై ఆదివారం తెల్లవారేసరికి ముగుస్తుంది. వాడు ఆట అయ్యేదాకా అన్నం ముట్టడం మానేశాడు. ఒంట్లో షుగరు. శనివారం సాయంత్రమే ఒక్కపొద్దు విడవమని ఎంతో చెప్పాను.

"ఆడ ఇంగా శనివారమే గదక్కా!"

"స్వామికి ఇక్కడి శనివారం చాలు."

"స్వామి ఆడ కూడా ఉండాడు గదా" అన్నాడు.

ఆ చివరి ఆదివారం ఆట చూసి, సారుతో మాట్లాడి, టైమైపోయిందని కంచం వైపు చూడకుండా బూట్లు తొడుక్కున్నాడట. వాడిని ఊరికి పంపించాం. నాకు సెలవు దొరకలేదు. విమానాశ్రయం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

సారుకు రూమ్మేటే ఫోన్లో చెప్పాడు. ముసలాయన ఏడ్చాడట. తమ్ముడి ఫోను నా చేతిలో పెట్టాడు ఆ అబ్బాయి.

తర్వాతి శనివారం సాయంత్రం నాకు అన్నం సహించలేదు. కంచానికి మూత పెట్టి వంటింటి గట్టుమీద ఉంచాను. ఆదివారం పొద్దున ఆ గట్టు దగ్గరే డబ్బాలు సర్దుతుంటే తమ్ముడి ఫోను మోగింది. సారు. చెప్పింది ఆయనకు నిలవలేదు. తమ్ముడి పేరు పెట్టి ఆత్రంగా పిలిచాడు, పక్కూరి సంగతి అడిగాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది.

ఈ ఇంట్లో స్వామి పటం నా పెట్టెలో బట్టల అడుగున ఉంటుంది. స్వామికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "నెక్స్ట్ వీక్, సార్" అన్నాను.

"ఓకే, ఓకే" అని నవ్వి పెట్టేశాడు.

యల్లా యల్లా అని మామా (ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తాం) పిల్లల్ని తరుముతోంది. బస్సు హారన్ మోగింది. ఇల్లు ఖాళీ అయింది. కంచం మూత మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే నిలబడ్డాను.