కోతకొచ్చిన ఊరు

మా ఆయన పోలీసు బలగంలో ఉద్యోగమంతా అడవుల్లోనే చేశాడు. రిటైరై వచ్చాక వినుకొండ పక్కన మిరప వేశాం. ఏటా కాయ ఎర్రబడగానే రాష్ట్రం అవతలి అడవి ఊళ్ళ నుంచి కూలీల ముఠా కోతకు దిగుతుంది. చేను గట్టున వాళ్ళకు పాకలు వేయించి, మొదటిరోజు బియ్యం, కందిపప్పు రైతే తన చేత్తో కొలిచి ఇవ్వడం మా వైపు ఆనవాయితీ.

ఒక ఏడు మా చేనుకు కొత్త ముఠా వచ్చింది. ఆయన కొలుస్తుంటే, వాళ్ళతో వచ్చిన పెద్దామెను "మీదే ఊరమ్మా?" అని ఊరికే అడిగాను. చెప్పింది. బియ్యం డబ్బా అక్కడే పెట్టేసి, తలనొప్పంటూ ఆయన బండెక్కి ఇంటికి పోయాడు.

ఆ ఊరి పేరు నాకు తెలుసు. మందుపాతర పేలి తమవాళ్ళు పోయిన మర్నాడు కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆ ఊరి గుడిసెలు తగలబెట్టించాడని ఆయనే చెప్పాడు. "అంతకుముందున్న ఆఫీసరు బిందెలో నీళ్ళు ముంచుకోవాలన్నా అడిగి ముంచుకోమనేవాడు. ఏ దారిన పోకూడదో ఊరోళ్ళే మాకు చెప్పేవాళ్ళు. ఈయనొచ్చి కాల్పించాక ఒక్కడు నోరు విప్పితే ఒట్టు," అన్నాడు. గుడిసెలు ఖాళీవేనని కూడా అన్నాడు. నమ్మాను. కట్టుకున్నవాడి మాట నమ్మక ఏం చేస్తాను?

ఆనాటి నుంచి చేను మొహం చూడలేదు. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చునేవాడు. నాకు ఒళ్ళు మండింది. "చెట్టంత మనిషివి, ముసలిదానికి భయపడి దాక్కుంటావా? పోయి ఒక్క మాట చెప్పు. తిడితే పడు." ఆమె తిట్టనీ, క్షమించనీ, ఈ మనిషి మళ్ళీ మనిషిలా అన్నం తింటే చాలనుకున్నాను.

మధ్యాహ్నం కూలీలు అన్నాలకు కూర్చున్నప్పుడు వెళ్ళాడు. వెనకే నేను.

"అమ్మా, మీ ఊరు కాల్చినవాళ్ళలో నేనూ ఉన్నాను."

ఏళ్ళతరబడి ఈ వైపు చేలకు కోతకొస్తూ ఆమె తెలుగు నేర్చింది. "తెలుసు. మొదటిరోజే పోల్చుకున్నా," అంది, అన్నం కలుపుతూనే.

"మరి వెళ్ళిపోలేదేమమ్మా?" అన్నాను నేను.

"కూలెవరిస్తారు?"

"గుడిసెలు ఖాళీవని మాకు చెప్పారు," అన్నాడాయన.

"ఎవరు?"

"మా ఆఫీసరు."

"ఆయన చూశాడా?"

ఆమె కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"మా అత్త మంచాన పడి ఉంది. పిల్లల్ని తీసుకుని నేను అడవిలోకి పరిగెత్తా. ఒక్కటే అడుగుతా, చెప్పు. మా అత్త పిలిచిందా?"

ఆయన చేను వైపు మొహం తిప్పుకున్నాడు.

"పిలిచింది," అన్నాడు.

ఆమె తల ఊపింది. చెయ్యి కడుక్కుని, సంచి నడుముకు కట్టుకుని సాళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఖాళీవని నాకు చెప్పిన నోటితోనే ముద్దలు మింగుతున్నాడు. ఎన్నాళ్ళకో కంచం ఖాళీ చేశాడు. మజ్జిగ పోశాను.