చెవితో నేను, ఎముకతో ఆయన

ఈ ఉదయం ఆరూ పదికి మా చెల్లెలి ఇంటి పక్కాయన కారు స్టార్ట్ చేశాడు. రోజూ చేసే పనే. నేను భూపాలపల్లికి వచ్చి చెల్లెలి దగ్గర ఉంటున్న ఈ కొన్ని నెలల్లో ఆ చిన్న కారు చప్పుడు నాకు అలవాటైపోయింది. ఇవాళ మాత్రం ఇంజను అందుకోగానే దాని ముందు వైపు నుంచి పలుచగా ఒక గరగర వినిపించి, నేను చాయ గ్లాసు కింద పెట్టేలోపే ఆగిపోయింది. ఆ తర్వాత ఇంజను మామూలుగా తిరిగింది, ఆయన వెళ్ళిపోయాడు. నేను పక్కకు తిరిగి “చాటల కందులు” అని గట్టిగా అన్నాను. చెల్లెలు వంటింట్లోంచి వచ్చి, కందులు ఎక్కడున్నాయని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ మాట అర్థమయ్యే మనిషి పోయి ఏడాది దాటింది.

మా ఆయనకు ఎనిమిదో ఏట చెవుల్లో చీము పట్టింది. పసరు పోశారు, వేడి నూనె పోశారు, వరంగల్ దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. అప్పటి నుంచి ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప మాట వినపడేది కాదు. కానీ లోపలి నరం చావలేదు. లారీ షెడ్డులో పని నేర్చుకునేటప్పుడు ఒకనాడు పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను తిరుగుతున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమితే, లోపలి చప్పుడంతా తలలోకి వచ్చిందట. ఈ కిటుకు మెకానిక్కులందరికీ తెలిసినదే. మిగతావాళ్ళు అవసరమైనప్పుడు వాడతారు, ఆయనకు అదొక్కటే దారి. అయితే దాంట్లో ఒక చిక్కుంది. ఎముకతో వినాలంటే ఎక్కడ ఆనించాలో ముందే తెలియాలి. రాత్రంతా ఆగి చల్లబడ్డ ఇంజనులో చప్పుడు వచ్చి పోయేది రెండు మూడు క్షణాలు, స్క్రూడ్రైవర్ చోటు వెతుక్కునేలోగా అది పోతుంది. గాలిలో వినే చెవి ఒకటి పక్కన ఉండాలి.

మహబూబాబాద్‌లో స్టేషన్ అవతలి రోడ్డు మీద మా బావగారి జాగాలో, అంటే మా ఆయన అన్నగారి జాగాలో, రేకుల షెడ్డు వేసుకున్నాం. మొదట్లో ఒకరిద్దరు పనివాళ్ళను పెట్టుకుని వాళ్ళ చెవుల మీద ఆధారపడ్డాడు. వాళ్ళు “సౌండ్ వస్తున్నదన్నా” అనేవాళ్ళు. “ఏం సౌండ్?” అంటే, “గదే, సౌండ్” అనేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ కోపం నా మీద చూపేవాడు. ఒక రోజు నేనే వెళ్ళి బండి దగ్గర నిలబడ్డాను. మాది దేవరుప్పుల. జనగామలో ఇంటర్ చదివి పెళ్ళితో ఆపేసినదాన్ని. ఇంజను గురించి నాకేమీ తెలియదు, వినడం ఒకటే తెలుసు. అప్పటి నుంచి లైబ్రరీ పుస్తకం ఒకటి చేతపట్టుకుని రోజూ షెడ్డుకు వెళ్ళేదాన్ని, చదువుకుంటూ కూర్చుని, బండి వస్తే పుస్తకం మూసి లేచేదాన్ని.

రాతలో పోలికలు నాకు గిట్టవు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేనివాళ్ళు వాటిని వాడతారని నా నమ్మకం. కానీ ఆ షెడ్డులో పోలికలు తప్ప మాకు వేరే కొలబద్ద లేదు, పైగా ఏ పోలిక పడితే ఆ పోలిక పనికి రాదు. ఆయనకు ఎనిమిదేళ్ళ లోపు విన్న చప్పుళ్ళే తెలుసు. కుక్కర్ విజిల్ ఎలా ఉంటుందో తెలియదు, మిక్సీ తెలియదు, సెల్‌ఫోన్ మోత తెలియదు. తెలిసినవల్లా వాళ్ళమ్మ పనులు. చాటలో కందులు చెరగడం, రోట్లో దంచడం, ఉడికే గంజి మీద మూత ఎగరడం, బావి గిలక. అందుకని నేను ఏ చప్పుడు విన్నా దాన్ని ఆ ఇంట్లోకి, ఆ కాలంలోకి తీసుకుపోయి చెప్పాల్సి వచ్చేది. బేరింగ్ పోతే గిలక అన్నాను. రేకు వదులైతే గంజి మూత అన్నాను. మా అత్తమ్మ ఒకసారి షెడ్డుకు వచ్చి మా మాటలు విని, “నా వంటిల్లంత ఈడికి దెచ్చిన్రు గదరా” అని నవ్వింది.

ఆయన చెవిటితనం వల్ల మా మాటలు గుట్టుగా సాగేవి కావు. నేను అరవాలి, ఇంజను మోతలో తన మాట నాకు అందాలని ఆయనా అరుస్తాడు. ప్రతి బండి దగ్గరా మాకు వాదన పడేది, ఎదురు హోటల్ వాళ్ళందరికీ అది కాలక్షేపం. ఎముకను మా వైపు బొక్క అంటాం. చాయ పంపిస్తూ హోటలాయన కేకేసేవాడు: “అక్కా, ఇయ్యాల ఎవలు గెలిచిన్రు? చెవా, బొక్కనా?” నేను తిరిగి కేకేసేదాన్ని: “ముందు నీ చాయల శక్కెరెయ్యి, అటెన్క తీర్పు జెప్పుదువు.”

అప్పటిదాకా మా దగ్గరికి వచ్చే చిన్న కార్లలో చాలావాటికి లోపల రబ్బరు బెల్టు ఉండేది, కొంత దూరం నడిచాక మార్చేవాళ్ళం. తర్వాత చైను ఉన్న ఇంజన్లు ఎక్కువగా రావడం మొదలైంది. అడుగున తిరిగే క్రాంకును, పైన వాల్వులను తెరిచి మూసే ఇరుసును ఆ చైను కలుపుతుంది. అది వదులుగా ఆడకుండా పక్కన ప్లాస్టిక్ పట్టీలు, వాటిని నెట్టి పట్టే టెన్షనర్ ఉంటాయి. టెన్షనర్‌కు బలం ఇంజను నూనె ఒత్తిడే. చైను ఎప్పటికీ మార్చక్కర్లేదని అమ్మేవాళ్ళు చెప్పేవారు, జనం దాన్ని నూనె కూడా మార్చక్కర్లేదని అర్థం చేసుకున్నారు. గరగరలు మొదలయ్యాయి. వేడి ఇంజను అన్నీ దాచిపెడుతుంది కాబట్టి, చైను అనుమానం ఉన్న బండిని ముందు రోజే తెచ్చి షెడ్డులో వదలాలని, తెల్లవారి మొదటి చప్పుడు మేమే వినాలని నియమం పెట్టాం. బండివాళ్ళు దానికి తిట్టుకునేవాళ్ళు.

గార్ల దగ్గరి తండా నుంచి ఒకాయన వచ్చాడు. తండాలో కాన్పులకూ జ్వరాలకూ జనాన్ని తన చిన్న కారులో దవాఖానకు చేర్చేవాడు. నన్ను అక్కా అనేవాడు, మేం ఆయన్ను అన్న అనేవాళ్ళం. “పొద్దున జరసేపు గొణుగుతదక్కా, అటెన్క మంచిగనే నడుస్తది” అన్నాడు. బండి ఉంచుకుని తెల్లారి విన్నాం. నాకు చాటలో కందులు, రెండు విసుర్లు, అంతే. నూనె పైకెక్కగానే చప్పుడు పోయింది కనుక టెన్షనర్‌కు నూనె ఆలస్యమవుతోందన్నాను. మా ఆయన ఇంజను ముందు మూత మీద స్క్రూడ్రైవర్ ఆనించి చాలాసేపు కళ్ళు మూసుకుని, చైను సాగింది, పట్టీని కొడుతోందన్నాడు.

“కొడుతలేదు. ఇప్పుడు సప్పుడే లేదు.”

“నీకు లేదు. నా బొక్కకున్నది.”

మధ్యాహ్నం దాకా తేలలేదు. చివరికి, చైను పన్ను జారితే పిస్టన్లు వాల్వులను గుద్ది ఇంజను దారిలోనే చస్తుంది, ఆ బండిలో ఎక్కేది నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు, కనుక మూత విప్పి చూద్దామని ఒప్పుకున్నాను. విప్పితే పట్టీల మీద గాడి పడి ఉంది, చైను సాగి ఉంది. ఆయన చెప్పిందే నిజమైంది. చైను, పట్టీలు, టెన్షనర్ అన్నీ కొత్తవి వేసి, గుర్తులు కలిపి, ఇంజనును చేత్తో తిప్పి చూసి, నూనె కొత్తది పోసి పంపాం. హోటలాయన ఆ రోజు బొక్క గెలిచిందని ప్రకటించాడు.

కొద్ది రోజులకే ఆ అన్న తిరిగొచ్చాడు. బండి దిగుతూనే మొదలుపెట్టాడు. “చైన్ మార్చిన్రా, మంత్రమేసిన్రా? మునుపటి కంటె ఎక్కువ లొల్లి జేస్తున్నది. నిన్న పొద్దుగాల మా తండా పిల్లను దవాఖానకు తీస్కపోతుంటె, యాడ ఆగుతదోనని పాణం చేతుల వట్టుకొని పోయిన.” హోటల్ ముందు ఉన్నవాళ్ళంతా లేచి వచ్చారు. అప్పుడే మా బావగారు అటు వచ్చారు. ఆయన ఎదుట నేను కూర్చునేదాన్ని కాదు, నేరుగా మాట్లాడేదాన్నీ కాదు. మా పద్ధతి అది. ఆయన కూడా నన్ను చూడకుండా, గోడవైపు చూస్తూ చెప్పారు:

“చెవులు ఇననోడు, ఇంట్ల ఉండాల్సిన ఆడమనిషి, గిద్దరు గలిసి షెడ్డు నడిపితె గిట్లనే ఉంటది. రేపటిసంది ఆమె ఈడికి రావద్దు. నా మనిషిని పెడత. ఇష్టం లేకుంటె జాగ ఖాళీ చెయ్యుర్రి.”

మా ఆయన బావగారి పెదవుల వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. “అన్న ఏమంటుండు?” అని అడిగాడు.

ఏమీ లేదని చెప్పి దాటేయవచ్చు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసేది అదే. నేను దాటేయలేదు. బావగారు అన్న ప్రతి మాటనూ, చెవులు ఇననోడు దగ్గర నుంచి జాగ ఖాళీ దాకా, ఒక్కటి తగ్గించకుండా, ఒక్కటి కలపకుండా, మా ఆయనకు వినపడేంత గట్టిగా చెప్పాను. ఆయనకు వినపడేంత గట్టిగా అంటే స్టేషన్ రోడ్డు సగానికి వినపడేంత గట్టిగా అని అర్థం. మెల్లగా అన్నప్పుడు పెద్దరికంలా ఉన్న మాటలు అరిచి చెప్పేసరికి మరోలా ఉన్నాయి. బావగారు కండువా సర్దుకున్నారు. మా ఆయన అంతా విన్నాడు. బండి తెచ్చిన అన్నవైపు తిరిగి, “ఇయ్యాల ఈడనే పండవెట్టు అన్నా, తెల్లారి ఇంటం. ఈమెనే ఇంటది” అన్నాడు.

తెల్లవారి ఆ అన్నను ఎదురుగా నిలబెట్టి తాళం తిప్పాం. గరగర మునుపటి కంటే ఎక్కువసేపు ఉంది. చాట నిండా కందులు, ఆగకుండా. మా ఆయన ఎముకతో విని తల అడ్డంగా ఊపాడు. చైను బిగువుగా ఉంది, పట్టీని కొట్టడం లేదు. ఈసారి మాకు వాదన రాలేదు. చైను మంచిదే, నూనె రావడం లేదు. నూనె కొలిచే పుల్లను బయటికి లాగితే దాని మీది నూనె కారలేదు, చిక్కగా వేలాడింది. మేం పోసింది అది కాదు.

“అన్నా, ఇండ్ల ఏం వోసినవు?”

ఆయన తల గోక్కున్నాడు. “మీరు వోసిన నూనె నీళ్ళ లెక్కుండె అక్కా. మా పెద్దన్న జూసి, గిది నూనెనా, సల్లనా, నిన్ను మోసం జేసిన్రు అన్నడు. గది తీసేసి మా ట్రాక్టర్ల వోసేది నింపినం. మంచి చిక్కటిది.”

ఎవరికీ కోపం రాలేదు. ట్రాక్టర్ ఉన్న ఇంట్లో చిక్కదనమే మంచితనం. బండి మీది ప్రేమతోనే చేశారు. చిక్కటి నూనె చలిలో సన్నని దారుల గుండా టెన్షనర్‌కు ఎక్కేసరికి ఆలస్యమైంది, అంతవరకూ చైను ఊగింది. దాన్ని దింపేసి పలుచటి నూనె పోసి, బండిని మరో రాత్రి ఉంచి తెల్లారి తిప్పాం. చప్పుడు లేదు. నేను “ఏం లేదు” అన్నాను, ఆయన పిడి తీసి “ఏం లేదు” అన్నాడు. అదే రోజు ఆ అన్న బండిని తండాకు తీసుకుపోయాడు.

బావగారు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. “సరే, బండి మంచిగైంది. గని ఆడమనిషి షెడ్డుల ఎందుకు?” అన్నారు. నేను మొదటిసారి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడాను.

“బావా, మీ తమ్మునికి చెవుల్లెవ్వని షెడ్డు వద్దంటిరి. చెవులు తెచ్చుకుంటె, అవి ఆడదాని చెవులని వద్దంటున్నరు. ఏదో ఒక్కటి జెప్పుర్రి.”

ఆయన రోడ్డెక్కి వెళ్ళిపోయారు. మనిషినీ పెట్టలేదు, జాగా ఊసూ ఎత్తలేదు. మెచ్చుకున్నారని మాత్రం నేను అనను. ఆ తర్వాత కూడా షెడ్డుకు వస్తే నన్ను చూడనట్టే ఉండేవారు. నేను ఉన్నట్టే ఉన్నాను, మా ఆయన మంచం పట్టేదాకా.

పెద్దకర్మ నాడు బంధువులు అందరూ కూర్చున్నచోట బావగారు కళ్ళు తుడుచుకుంటూ, దేవుడు తన తమ్ముడి చెవులు తీసుకుని విద్య ఇచ్చాడని, మరదలు పాపం సాయం చేసేదని చెబుతున్నారు. ఆయన దుఃఖం నిజమైనదే. నేను లోపలి గదిలోంచే అన్నాను: “సాయం చెయ్యలే బావా. పని చేసిన.” ఆ సమయంలో ఆ మాటేమిటని ఆడవాళ్ళు నా చేయి పట్టుకున్నారు. ఇంకెప్పుడు అనాలి? దేవుడిచ్చిన విద్య అంటే మా ఆయన ఎముక నొప్పి పుట్టేదాకా పిడి అదిమి నేర్చుకున్నదంతా పోతుంది, సాయం అంటే నేను విన్నదంతా పోతుంది. చనిపోయినవాణ్ణి గొప్పవాణ్ణి చేయడానికి ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మెకానిక్కును పెట్టుకుని షెడ్డు నడపమని చాలామంది చెప్పారు, చిత్రంగా బావగారు కూడా చెప్పారు. నేనే మూసేశాను. ఎవరో తరిమితే పోలేదు. నా మాట మీద నా ఒక్కదాని నమ్మకంతో ఒకరి ఇంజను విప్పడం నాకు చేతకాదు, చేతకావాలనీ లేదు.

ఈ సాయంత్రం పక్కాయన రాగానే విషయం చెప్పాను. మంచివాడు, విన్నాడు. రేపు సర్వీసుకు ఇస్తానని, వాళ్ళు మిషను తగిలించి చూస్తారని అన్నాడు. మిషనుతో నాకు తగాదా లేదు, అది చూపేది చూపుతుంది, కుర్రవాళ్ళు దాన్ని చదివి పని మొదలుపెడతారు. పని త్వరగానే అవుతుంది. ఇంజను విప్పేముందు ఇద్దరు మనుషులు నిలబడి వాదించుకోవడం మాత్రం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.