మా కళ్ల డాక్టరు గారి కోపం

చిన్నప్పుడు ఓ వేసవిలో మిరప కట్టె పీకుతుంటే పుల్ల ఎగిరి నా కుడి కంట్లో గుచ్చుకుంది. మా పెదనాన్న పసరు వైద్యం చేసేవాడు. ఏదో ఆకు నలిపి, గుడ్డలో వడగట్టి కంట్లో పిండాడు. మర్నాటికి కన్ను వాచి మూసుకుపోయింది. మళ్లీ పిండాడు. అది మంచిది కాదని అమ్మకూ తెలుసు, నాన్నకూ తెలుసు. ఇంటికి పెద్దవాడు, ఏమనుకుంటాడోనని ఎవరూ నోరెత్తలేదు.

నొప్పికి నేను గోడకేసి తల కొట్టుకుంటుంటే, చివరికి నాన్న భుజాన వేసుకుని టౌనుకు నడిచాడు. పెదనాన్న కూడా వెంట వచ్చాడు. డాక్టరు గారు అప్పటికి కుర్రాడు, బోర్డు కట్టి ఏడాదైనా కాలేదు. నా రెప్ప ఎత్తి చూసి, ఇందులో ఏం పోశారని అడిగారు. పక్కనే పెదనాన్న ఉన్నాడు. నాన్న నేల చూపులు చూస్తూ, ఏమీ పోయలేదండి అన్నాడు.

డాక్టరు గారు ఒక సీసా తీసి, నా కంటి మీద చుక్క వేలాడదీశారు.

"అయితే ఈ మందు వేస్తాను. పసరు పడ్డ కంట్లో ఇది పడితే కన్ను పగిలిపోతుంది. వేయమంటారా?"

నాన్న అప్పుడూ పలకలేదు. ఈ మాట రాస్తుంటే ఈ వయసులోనూ నాకు కోపం ఆగడం లేదు. డాక్టరు గారి చెయ్యి పట్టుకున్నది పెదనాన్న. "ఆగు బాబూ, పోసింది నేనే" అన్నాడు.

సీసాలో ఉన్నది ఉత్త నీళ్లేనని చాలా ఏళ్ల తర్వాత డాక్టరు గారే చెప్పారు. ఆ రోజు మాత్రం ఆయన పెదనాన్నను ఒక్క మాటా అనలేదు. నాన్న వైపు తిరిగి గది అదిరేలా అరిచారు.

"ఆయన తెలియక పోశాడు. తెలిసి ఊరుకున్నావే, నిన్నేం చెయ్యాలి?"

కంట్లో చిన్న పువ్వు మిగిలింది గానీ చూపు దక్కింది.

ఆయన అదే టౌనులో ముసలివారయ్యారు. తొంభైల చివర్లో ఎవరో పెద్దమనుషులు బడి గదుల్లో హడావిడిగా కంటి ఆపరేషన్లు పెట్టించారు. కొందరు ముసలివాళ్లకు ఉన్న చూపూ పోయింది. తోటి డాక్టర్లందరికీ సంగతి తెలుసు. బజార్లో నిలబడి చెప్పింది ఈయనొక్కరే. ఆ తర్వాత ఆయన్ని ఏ సభకూ పిలవలేదు, పెళ్లిళ్లలో పలకరించడం కూడా మానేశారు.

పోయాక పిలిచారు, ఫోటోని. సంతాప సభలో ఆ పెద్దమనుషులే దండ వేసి, ఎవరినీ పల్లెత్తు మాట అనని సౌమ్యుడన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు. బతికుండగా నోరు నొక్కలేకపోయారు కాబట్టి, చచ్చాక నొక్కుతున్నారన్నమాట!

నాకు బడి చదువు లేదు. కూడబలుక్కుని పేపర్లు చదివి నేర్చిన నాలుగు ముక్కలే. నాకు నిజంగా అబ్బిన చదువు ఆయన గదిలో విన్న ఆ అరుపొక్కటే. లేచి మైకు దగ్గరికి వెళ్లాను. ఆ ఆపరేషన్లు ఎవరు పెట్టించారో, ఎవరెవరి కళ్లు పోయాయో చెప్పడం మొదలుపెట్టగానే మైకు ఆపేశారు.

పొలం ఈ గట్టు మీంచి ఆ గట్టుకు కేకేసి బతికిన గొంతు నాది. మిగతాది మైకు లేకుండానే చెప్పాను.